నిప్పుకు చోటు లేని హాలు

మా చిన్నాయన పోయినాడని నాకు ఇంట్లోవాళ్ళు చెప్పలేదు, కంపెనీ చెప్పింది. పొద్దున్నే ఫోనులో ఒక పోస్టరు. నవ్వుతున్న ఆయన ఫొటో, "మా వ్యవస్థాపకులకు అశ్రునివాళి" అని నాలుగు ముక్కలు, దాని కిందనే శనివారం తిరుపతి పాటకచ్చేరికి టికెట్లు ఎక్కడ దొరుకుతాయో ఆ వివరం. చావుకబురును కూడా వృథా పోనీయని కంపెనీ అది. దాన్ని పుట్టించింది మా చిన్నాయనే. ఆ సంగతి దాచిపెట్టి ఆయన్ను పొగడటం నా చేత కాదు.

చిత్తూరులో సైకిలు వెనక ఆంప్లిఫయరు కట్టుకొని, పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైకుసెట్టు పెడుతూ మొదలుపెట్టాడు. తర్వాత ఆర్కెస్ట్రాలను పిలిపించి పలమనేరులో, మదనపల్లెలో, శ్రీకాళహస్తిలో కచ్చేరీలు పెట్టించాడు. ఆనక మూతబడ్డ బెల్లం గోడౌనొకటి బాడుగకు తీసుకొని హాలు చేశాడు. కుర్చీలకు చీమలు పట్టేవి. "బెల్లం వాసన ఇంకా పోలేదే చిన్నాయనా" అంటే, "పోతే పాట సప్పగుంటాది మే" అనేవాడు.

అక్కడ ఆయన కట్టించిన మొదటి కట్టడం స్టేజీ కాదు. గేటుకు ఎదురుగా పెరట్లో, రేకుల కింద, నాలుగు బండరాళ్ళు పేర్చి నిప్పుగుంట చేయించాడు. పలకలు కాచుకోవడానికి. డప్పును మా పక్క పలక అంటారు. కాచకపోతే తోలు బిగవదు, బిగవకపోతే పలక పలకదు. దేవుడి ముందరా శవం ముందరా నడిచి కొట్టడమే తప్ప స్టేజీ ఎక్కి ఎరగని దళితవాడ మనుషులను ఎక్కించి, మైకు ముందర నిలబెట్టాడు. తొలిసారి ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచాడు.

"ఏమప్పా, టికెట్టు తీసుకొని సావుమేళం ఇనాల్నా?"

"నీ పెండ్లికి కొట్టింది వాళ్ళే, రేపు నీ సావుకు కొట్టేదీ వాళ్ళే. నడాన బతికుండేటప్పుడు కూసోని ఇంటే నీకేం నొప్పప్పా?" అన్నాడు చిన్నాయన.

పెద్దమనిషి కూర్చున్నాడు. నాలుగు రాళ్ళతో కులం పోతుందని నేనేమీ అనను, పోలేదు కూడా. కానీ ఈ జిల్లాలో వాళ్ళ కోసం కట్టిన గోడ ఏదైనా ఉందంటే అది ఊరవతల కట్టిందే. హాలు గేటు లోపల వాళ్ళ కోసం కట్టింది ఇదొక్కటే.

తర్వాత కంపెనీ పెరిగింది. భాగస్వాములు వచ్చారు, తిరుపతి బైపాసులో ఏసీ హాలు అన్నారు. ప్లాను పరిచిన రోజు నేను పక్కనే ఉన్నాను. చిన్నాయన కళ్ళద్దాలు పైకి తోసుకొని ఆ కాగితమంతా వెతికాడు.

"అంతా బాగుండాది. నిప్పు యాడ?"

"ఫైర్ ఎగ్జిటా సార్? రెండు వైపులా ఉన్నాయి" అన్నాడు ఇంజనీరు.

"బయటికి పొయ్యే దోవ కాదప్పా. నిప్పు లోపలికొచ్చే దోవ."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ప్రారంభం నాడు పలకలవాళ్ళు గేటు బయట కాచుకొని, సెక్యూరిటీ తనిఖీలు దాటి స్టేజీ ఎక్కేసరికి ఆ ఏసీ చలిగాలికి తోళ్ళ బిగువు దిగిపోయింది. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు, పలకలు దబ్, దబ్ అన్నాయి. జనం నవ్వారు. "ఈ హాలుకు అది సూటు కాదు సార్" అన్నారు భాగస్వాములు. మీట నొక్కితే డప్పు మోగే ప్యాడు వచ్చింది. చూడండి, ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. ఒకప్పుడు వెలివేయడానికి ఊరంతా కూడాల్సి వచ్చేది, ఇప్పుడు ఒక ఏసీ మిషను చాలు. మన అభ్యుదయ మిత్రులు కూడా ఆ హాల్లోనే, ఆ ప్యాడు మోగించుకునే, కులనిర్మూలన సభ పెట్టుకున్నారు. నేను పోలేదు. పోకపోతే ఏమైంది? ఏమీ కాలేదు.

ప్రతి మీటింగులో చిన్నాయన అదే అడిగేవాడు, నిప్పు యాడ అని. ప్రతిసారీ ఓడిపోయేవాడు. చివరకు పిలవడమే మానేశారు, పేరు మాత్రం బోర్డు మీద ఉంచుకున్నారు. కేసు వేద్దాం, రోడ్డెక్కుదాం అని నేను ఎగిరేదాన్ని.

"నువ్వు మాట్లాడితే ఇనేదానికి బాగుంటాది మే" అనేవాడు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ. "నేను పెట్టింది మైకు. మైకు ఎవురి చేతికి పోతే వాళ్ళదే మాట."

అంత్యక్రియల నాడు చిత్తూరులో తుంపర. శవాన్ని ఎక్కించిన పూలబండి కంపెనీది. పలకలవాళ్ళు పిలవకుండానే వచ్చి ఇంటి ముందర అట్టముక్కలతో మంట వేసుకున్నారు. "పొగ కార్లకు కొడుతోంది, కొంచెం అవతలికి" అన్నాడు కంపెనీ మేనేజరు. వీధి చివర కాలువ పక్కకు పోయారు. అక్కడా తుంపరే. మంట నిలవలేదు.

శవయాత్ర బెల్లం గోడౌను ముందరికి వచ్చింది. ఇప్పుడది కంపెనీ సామాన్లు వేసుకునే చోటు. గేటుకు తాళం. పలకలవాళ్ళలో పెద్దాయన బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యా, తాళం తీయించండి. లోపల రేకుల కింద రాళ్ళుండాయి. రవ్వంతసేపు కాచుకుంటాం. ఆయప్పకు సరిగ్గా కొట్టాల."

మేనేజరు ఫోను చేశాడు. విన్నాడు. పెట్టేశాడు.

"తిరుపతి ఆఫీసు నుంచి పర్మిషన్ రావాలంట."

తాను చేసిన హాలు గేటు ముందర, తాను పెట్టిన కంపెనీ బండిలో, చిన్నాయన పర్మిషన్ కోసం పడుకొని ఉన్నాడు. నేను మేనేజరు మీద అరిచాను. ఇంజను ఆపకుండానే డ్రైవరు ఎదురుచూశాడు. ఫోను మోగలేదు.

"సల్లబడిపోయిందమ్మా" అన్నాడు ఆ పెద్దాయన, తోలును అరచేత్తో నిమిరి, నన్ను ఇక ఊరుకోమన్నట్టు.

బండి కదిలింది. వాళ్ళు కొట్టారు. దబ్, దబ్, శ్మశానం దాకా తడి గోనెసంచి చప్పుడే. గోడౌను దాటుతూ వెనక్కి తిరిగి చూస్తే, గేటు సందులోంచి కనబడుతూనే ఉన్నాయి, రేకుల కింద నల్లగా, పొడిగా, ఆ నాలుగు రాళ్ళు.