నా పేరున రాసిన క్రీము

ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ముఖం మీది ముడతలకు మందు కోసం గుంటూరులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఇది విటమిన్ ఎ క్రీమమ్మా. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి. ముఖం కడిగి, బాగా ఆరాక, మొత్తానికీ కలిపి బఠాణీ గింజంత. కళ్ళ దగ్గరా, పెదవుల మూలలా వద్దు. పగలు సన్‌స్క్రీను తప్పనిసరి," అందామె.

మిరపకాయలు పండించే ఊరు మాది. మండనిదాన్ని మందుగా లెక్కెయ్యం. గింజంత మండలేదని రోజూ వేలెడు పూశాను. వారం తిరిగేసరికి చర్మం ఉల్లిపొరల్లా లేచింది. వయసు పోతుందనుకుంటే పరువు పోయింది. కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ గింజ లెక్కకు వచ్చాను. బుద్ధి వచ్చిందనే అనుకున్నాను.

మాఘమాసంలో కోడలూ నేనూ కల్లంలో కూర్చుని, ఎండిన మిరపకాయల్లోంచి రంగు మారిన తాలుకాయలు ఏరుతున్నాం. ఎండకు ఆమె చెంపలు నల్లబడ్డాయి. పెళ్ళయి ఆరేళ్ళు. ఒకసారి కడుపు నిలిచి మూడో నెలలో పోయింది. అప్పటినుంచి అద్దం చూసుకోవడమే మానేసింది. మా ఇళ్ళలో ఒకరి చీటీతో ఇంటిల్లిపాదికీ వైద్యం జరిగిపోతుంది.

"నా క్రీము రాసుకో అమ్మాయ్."

"మంటేం ఉండదుగా అత్తయ్యా? మీ మొహం చూశాక భయమేస్తంది."

"గింజంత రాసుకుంటే ఏం కాదులే."

నెల రోజులు రాసుకుంది. ఆ తర్వాత తెలిసింది, తనకు రెండో నెలని.

ఇంట్లో అందరూ నవ్వుతుంటే, నేను క్రీము డబ్బాలోని కాగితం మొదటిసారి విప్పి చదివాను. గర్భిణులు వాడకూడదని ఉంది. వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"వెంటనే ఆపించండి. పైపూత కాబట్టి ఒంట్లోకి వెళ్ళేది బాగా తక్కువ. ఏమీ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. కానీ ఏమీ కాదని నేను మాటివ్వలేను. కాన్పు డాక్టరుకి చెప్పండి, ఐదో నెల స్కానులో చూస్తారు." ఫోన్ పెట్టేసే ముందు, "ఆ చీటీ మీకు రాశానమ్మా," అంది.

క్రీము దాచేశాను. మాట కూడా దాచేద్దామనిపించింది. రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు కల్లంలో చెప్పేశాను. ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"చదువుకున్నారు గదా అత్తయ్యా."

అంతే అంది. తిట్టినా బాగుండేది.

కాన్పు డాక్టరు కూడా అదే చెప్పింది: ప్రమాదం తక్కువే, చూద్దాం. అప్పటినుంచి కోడలు వేళకు అన్నం పెడుతుంది, బీపీ బిళ్ళ వేసుకున్నారా అని అడుగుతుంది. నా వంక మాత్రం చూడదు. కడుపు కొంచెం ఎత్తుగా కనిపిస్తోంది. ఎవరైనా ఆ మాటంటే చెంగు లాక్కుంటుంది.

స్కాను వచ్చే వారం. నిన్న నేనే అడిగాను.

"నేనూ రానా అమ్మాయ్?"

"వద్దులెండి అత్తయ్యా. వాళ్ళేం చెబుతారో ఏమో. అప్పుడు మీ మొహం చూడలేను."

సరేనన్నాను. డాక్టరుకు చూపించమని క్రీము కాగితం ఇచ్చాను. తీసుకుని ఫైల్లో పెట్టుకుంది.