దెబ్బ తినడం నేర్పినవాడు

దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త చీరల మాల్ ఏది తెరిచినా రిబ్బన్ కత్తిరించడానికి ఒక సినిమా తార వస్తుంది, ఆమెను చూడటానికి ఊరంతా వస్తుంది, ఆ ఊరినంతా వెనక్కి నెట్టడానికి మహిపాల్ వస్తాడు. నల్ల టీషర్టు, తలుపంత వీపు, రెండుసార్లు విరిగి వంకరగా అతుక్కున్న ముక్కు. తల్లి అరుణమ్మనూ చెల్లెలు సూర్యప్రభనూ వెంటబెట్టుకుని నల్గొండ వైపు నుంచి వచ్చి, అల్మాస్‌గూడలో కిరాయికి దిగిన నాటి నుంచీ వాడిది ఇదే పని. బౌన్సర్ అని గొప్పగా పిలుస్తారు గానీ, అసలు పని తన్నులు తినడం. జనం గోళ్ళతో గీరుతారు, కాళ్ళు తొక్కుతారు, వెనక నుంచి డొక్కలో గుద్దుతారు. జీతం తీసుకునేవాడు ఓర్చుకుని నిలబడాలి. మహిపాల్‌కు ఆ ఓర్పే లేదు. వెనక నుంచి ఎవరు తగిలినా ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత తల తిరుగుతుంది. ఆ రోగంతోనే మూడు ఏజెన్సీలు వాడిని పొమ్మన్నాయి. కోపం దిగాక వాడంత మెత్తని మనిషి లేడు. కానీ అప్పటికి అవతలివాడు దవాఖానలో ఉంటాడు.

సూర్యప్రభకు పదిహేడేళ్ళు. బక్కపల్చని పిల్ల, మాట తక్కువ. పదిహేను వందల మీటర్ల పరుగు ఆమెది. ఈ ఏటి పోటీలో మొదటి ముగ్గురిలో వస్తే రాష్ట్ర శిక్షణ శిబిరానికి తీసుకుంటారు. తిండి, బూట్లు, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఆమెకు మిగిలింది ఈ ఒక్క పరుగే.

చిక్కల్లా ఒక స్పోర్ట్స్ హాస్టల్ నుంచి గుంపుగా వచ్చే పిల్లలతోనే. వాళ్ళలో మౌనిక అనే పొడుగు కాళ్ళ పిల్ల ఉంది. చివరి రెండు వందల మీటర్లలో ఆమెను అందుకున్నవాళ్ళు లేరు. పైగా వాళ్ళు కూడబలుక్కుని పరిగెత్తుతారు. కిందటేడు సూర్యప్రభకు ముందొకతె, పక్కనొకతె చేరి, దారి ఇవ్వకుండా మోచేతులతో కుళ్ళబొడిచి వెనక్కి తోసేశారు.

ఆమె కాలేజీలో ఆటలు నేర్పే కోదండం సారు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: వాళ్ళ వెనకే ఉండి ఆఖర్లో బయటికి రా. మహిపాల్‌కు అది నచ్చలేదు. ఒకరోజు కాలేజీకే వెళ్ళి ఆయన్ను పట్టుకున్నాడు.

"ఆఖర్ల వాళ్ళకే బలమెక్కువ సార్. బలమున్నోడు రమ్మన్న కాడికి పోయి కొట్లాడొద్దు. ఇంక రౌండున్నర ఉందనంగనే మనమే బయటికొచ్చి గుంజాలె. ఆఖరు ఉరుకుడుకు వాళ్ళ కాళ్ళల్ల ఏం మిగలొద్దు."

"బయటికి రానిస్తరా? కుమ్ముతరు గద," అన్నాడు కోదండం సారు.

"కుమ్మనియ్యున్రి. దెబ్బలు తినుడు నేను నేర్పిస్త."

నేర్పాడు కూడా. ఆదివారం తెల్లవారగానే నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పే మైదానం పక్క రోడ్డు మీదికి చెల్లెలిని తీసుకెళ్ళేవాడు. తోటి బౌన్సర్లు ఇద్దరు వచ్చి ఆమెకు చెరో పక్క పరిగెత్తుతూ గుద్దాలి. ఆడపిల్ల కదా అని వాళ్ళు మొహమాటపడితే, వాళ్ళను నాలుగు తిట్టి మహిపాల్ తానే చెల్లెలి డొక్కలో మోచెయ్యి దింపేవాడు. మొదట్లో ఆమె కంకర మీద బోర్లా పడేది. మోకాళ్ళు చెక్కుకుపోయేవి.

"లెవ్వు. చెయ్యి లేపకు. చెయ్యి లేస్తె అడుగు తప్పుతది, అడుగు తప్పితె పోటీ పోతది. జబ్బలు పక్కటెముకలకు అంటుకోవాలె. సగం అడుగు తగ్గు, సందు దొరకంగనే బయటపడు. తిరిగి మాత్రం కొట్టకు."

సూర్యప్రభ లేచేది. ఎండాకాలం వచ్చేసరికి ఎంత గుద్దినా ఆమె అడుగు తప్పడం మానేసింది. మహిపాల్‌కు ఆ రోజు కళ్ళనీళ్ళు తిరిగాయి. తనకు జన్మలో రాని విద్య చెల్లెలికి వచ్చింది మరి.

పోటీ ఎల్బీనగర్ అవతల ఒక మట్టి మైదానంలో జరిగింది. తాడు పక్కన నిలబడ్డ మహిపాల్ మణికట్టును కోదండం సారు ముందుజాగ్రత్తగా పట్టుకున్నాడు. ఆడపిల్లల పరుగు కదా, పద్ధతిగా ఉంటుందిలే అనుకునే పెద్దమనుషులు ఒకసారి ఆ తాడు దగ్గర నిలబడాలి. ఎముకకు ఎముక తగిలే చప్పుడు వినిపిస్తుంది. మొదటి మలుపులోనే హాస్టల్ పిల్లలు సూర్యప్రభను మధ్యలో ఇరికించారు. పక్కటెముకల్లో ఒకతె పొడిచింది. ఇంకొకతె బూటు మేకు ఆమె పిక్కను నిలువునా చీల్చింది. మేజోడు ఎర్రబడిపోయింది. ఆమె చేతులు లేవలేదు.

రౌండున్నర మిగిలింది. సూర్యప్రభ సగం అడుగు తగ్గింది, సందులోంచి బయటికొచ్చింది, ప్రాణమంతా కాళ్ళలో పెట్టి గుంజింది. హాస్టల్ పిల్లలు తేరుకుని వెంటపడ్డారు గానీ ఆ వేగానికి ఒక్కొక్కరే వెనకబడిపోయారు. ఆఖరి రౌండ్ గంట కొట్టేసరికి ఆమెతో మిగిలింది ఇద్దరే. ఒకతె కొంచెం ముందుంది, మౌనిక పక్కనే ఉంది. మౌనికకు అంత ముందుగా రొప్పడం అలవాటు లేదు. ఆఖరి మలుపులో భయమేసిందో, ఉక్రోషమొచ్చిందో, మోచెయ్యి తిప్పి సూర్యప్రభ నోటి మీద కొట్టింది.

పెదవి చీలింది. తల వెనక్కి ఊగింది. ఒక్క అడుగు తడబడి, రెండో అడుగు సరిగ్గా పడింది. మౌనిక ముందుకెళ్ళిపోయింది. సూర్యప్రభ ఇప్పుడు మూడోది. నాలుగో పిల్ల మలుపు అవతలెక్కడో కాళ్ళీడుస్తోంది. ముగింపు గీత కనిపిస్తూనే ఉంది. ఇదంతా కోదండం సారు చూశాడు. మహిపాల్ రక్తం చూశాడు.

మణికట్టు విదిలించుకుని తాడు దూకాడు. మౌనిక జడ దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆ పిల్ల వెల్లకిలా సున్నం గీత మీద పడి కెవ్వుమంది. వాడు ఆమె మీదికి వంగాడు. అప్పుడే వెనక నుంచి ఎవరో పరుగున వచ్చి బలంగా వాడి వీపుకు తగిలారు. ఎప్పటిలాగే ముందు చెయ్యి లేచింది. పిడికిలి వెనక్కి తిరిగి ఒక దవడకు తగిలింది. ఎముక విరిగిన సంగతి వాడి వేళ్ళకు తెలిసింది. ఆ తర్వాత తల తిప్పి చూశాడు.

సూర్యప్రభ మట్టిలో పడి ఉంది. మోచేతుల మీద లేవబోయి మళ్ళీ కూలబడింది. నాలుగో పిల్ల ఆమెను దాటింది. ఐదో పిల్ల కూడా దాటింది. హాస్టల్ మనుషులు వచ్చి మహిపాల్‌ను కింద పడేసి, బూటు కాళ్ళతో తొక్కి, కడుపులో తన్నారు. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కోదండం సారు వాళ్ళను లాగేసి, వాడి కాలర్ పట్టుకున్నాడు.

"మూడో ప్లేస్‌ల ఉండె గదరా. ఎనక ఎవ్వరు లేకుండె. మూడు సాలు గదరా."

సాయంత్రానికి అరుణమ్మ దవాఖానకు వచ్చింది. కూతురి ముఖానికి కట్టు కట్టి ఉంది. దవడ కదిలించొద్దని డాక్టర్ చెప్పి వెళ్ళాడు. మహిపాల్ ఒక కన్ను మూసుకుపోయి తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు.

అరుణమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కూతురి చెయ్యి పట్టుకుంది. "ఎవరు కొట్టిండ్రు బిడ్డా? పేరు చెప్పు. నేను పోలీస్ స్టేషన్‌కు పోత."

సూర్యప్రభ పళ్ళ సందులోంచి కష్టపడి మాట్లాడింది.

"అన్న కొట్టిండు."

అరుణమ్మ కొడుకు వైపు తిరిగింది.