మేనేజర్‌ని అడిగిన మాట

మా ఆఫీసు క్యాబ్ నడిపే అన్న, ఎవరెంత విసుక్కున్నా "మంచిది సార్" అనేవాడు. అలాంటి మనిషి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, రాయదుర్గంలో మా ఆఫీసు గేటు దగ్గర మేనేజర్‌ని నిలదీశాడు.

"మా భూములల్ల మేడలు కట్టి, మమ్ములనే గేటు బయట నిలవెడ్తరా?"

ఉద్యమం తలకెక్కిందని పనిలోంచి తీసేశారు. కొన్ని నెలలకు దవాఖానలో చెప్పారు, ఆయనకున్నది డిమెన్షియాలో అరుదైన రకమని. మెదడు ముందుభాగం క్షీణిస్తే, జ్ఞాపకాల కంటే ముందు మాట మీద, చేత మీద అదుపు పోతుందట.

హఫీజ్‌పేట్‌లో వాళ్లింటికి వెళ్లాను. నా చేతిలోని పళ్లు లాక్కుని తినేస్తున్నాడు. ఆయన భార్యను ఓదార్చాలని, "ఆ రోజు జబ్బే అలా అనిపించిందమ్మా, ఆయన తప్పేం లేదు" అన్నాను.

ఆమె నన్ను సూటిగా చూసింది.

"తప్పెందుకైతది సారూ? ఇంట్ల ఎప్పుడూ అనేటోడే. రోగమొచ్చి భయం పోయింది, గంతే. మాట ఆయనదే."