ఆగి ఉన్న కారులో తగ్గుతున్న ఛార్జ్

దోహాలో ఉద్యోగం చేసే మా తమ్ముడు పోయినసారి రాజపాళయం వచ్చినప్పుడు లోన్ పెట్టి ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. వచ్చే ఏడాది అక్కడి పని మానుకుని వచ్చేస్తాడట, అప్పుడిక పెట్రోలు ఖర్చు ఉండకూడదట. అంతవరకూ కారు మా వాకిట్లోనే, తాళం మా ఇంట్లోనే ఉంటాయి. అది ఎలా ఉందో వాడు అక్కడి నుంచే ఫోనులో చూసుకుంటూ ఉంటాడు.

ఈ రోజు లైను మరమ్మతులని పొద్దున్నే కరెంటు తీసేశారు. మధ్యాహ్నం తమ్ముడు కంగారుగా ఫోన్ చేశాడు.

"అక్కా, కారు నిలిచిన చోటే ఉండాది, ఛార్జ్ మాత్రం తగ్గుతా ఉండాది. ఎవరో లోపల దూరినారు, పోయి చూడు!"

చీపురు పట్టుకుని పరుగెత్తాను. అద్దాలన్నీ మూసుకుని, ఏసీ వేసుకుని, లోపల మా అత్తగారూ ఎదురింటి ఆడవాళ్లిద్దరూ మునగాకు దూస్తున్నారు. తలుపు తీసి, ఫోను స్పీకరులో పెట్టి తమ్ముడికి సంగతి చెప్పాను.

"అత్తా, నెలనెలా దాని లోనుకి డ్యూ కట్టేది నేను!" అన్నాడు తమ్ముడు ఏడుపు గొంతుతో.

అత్తగారు చేతిలో పని ఆపలేదు. "కట్టప్పా, ఎవరు వద్దన్నారు? చల్లగా కూర్చునేదానికి నువ్వు ఈడ లేవే, అందుకే మేము కూర్చున్నాము."

వాడు ఉక్రోషంతో అక్కడి నుంచే ఏసీ ఆపేశాడు. లోపల ముగ్గురూ ఒక్కసారిగా అరిచారు. రెండు నిమిషాల్లో ఏసీ మళ్లీ మొదలైంది, వెంటనే మెసేజ్ వచ్చింది: "ఛార్జ్ ఇరవైకి వస్తే దిగమను అక్కా. సీటు మీద ఆకు పడకుండా చూసుకో."

నేనూ ఎక్కి కూర్చున్నాను. సాయంత్రం కరెంటు వచ్చినా ఒక్కరూ దిగలేదు. మీరైతే దిగేవారా? నిజం చెప్పండి.