మూత ముందు ఎత్తిందెవరు?

కడుపుమంట ఆగక ఇవాళే రాసేస్తున్నాను. మా ఎక్స్‌ఛేంజిలో ఎవరైనా ఫోన్ హ్యాండిల్ తిప్పితే, బోర్డు మీద వాళ్ళ నంబరు దగ్గర చిన్న రేకు మూత పడుతుంది. ఎవరు పిలుస్తున్నారో ఆపరేటర్‌కి గుర్తు అదే; దాన్ని మళ్ళీ చేత్తో ఎత్తిపెట్టాలి. వారంగా ఒక్క కాల్‌కే అది నాలుగైదుసార్లు పడుతోంది. ఐసు కోసం ఫోన్ కలవక చేపలు పాడయ్యాయని ఒక వ్యాపారి వచ్చి అరిచి వెళ్ళాడు. మెకానిక్కునైన నేను మూడు రోజులు కూర్చుని స్ప్రింగులన్నీ మార్చాను. లాభం లేదు.

ఇవాళ గన్నవరం నుంచి జలీల్ అనే మెకానిక్ వచ్చాడు. స్క్రూడ్రైవర్ ముట్టలేదు. వారం క్రితం చేరిన ఆపరేటర్ శారద పని చేస్తుంటే గంటసేపు చూశాడంతే.

"మీరు ముందు మూత ఎత్తేసి తర్వాత మాట్లాడుతున్నారండి. రెండు ఒకేసారి పడితే గుర్తు పోయి ఒకటి మర్చిపోతున్నారు. పాపం, వాళ్ళు మళ్ళీ తిప్పుతున్నారు. మాట్లాడాకే ఎత్తండి."

సాయంత్రం దాకా ఏ మూతా ఊరికే పడలేదు. ఇన్నేళ్ళలో నాకొక్క టీ చెప్పని సూపర్‌వైజరు అతనికి పెసరట్టు ఉప్మా తెప్పించాడు.

జలీల్ బస్సెక్కాక శారద మెల్లగా అంది. "ముందు ఎత్తమని నేర్పింది మీరేగా అండీ, బోర్డు నీటుగా కనపడాలని."

మీరు నన్నేమన్నా అనండి, పడతాను. ఈ మాట మాత్రం గన్నవరం చేరనివ్వకండి.