సరుకు లేని పలుపుల దుకాణం

మార్కాపురంలో డిగ్రీ పిల్లలకు వ్యాపారం పాఠం చెప్పడం నా పని. ఆ పుస్తకం తెరిస్తే నాకే ఆవలింతలొస్తాయి, ఇక వాళ్లకెందుకు రావు? అందుకే ఏటా కొన్నాళ్లు బజారు మీదికి తోలేస్తాను. ఒక చిన్న దుకాణం పట్టుకోండి, అక్కడ ఏం అమ్ముతారు, ఏ సంగతైనా ఎవరు తేలుస్తారు, కనుక్కొచ్చి క్లాసులో చెప్పండి అంటాను. సగంమంది టీ బంకు దగ్గర కూర్చుని వచ్చి నా చెవిలో పువ్వు పెట్టాలని చూస్తారు, నా నోరు మంచిది కాదని తెలిసి కూడా.

ఈ ఏడాది బేస్తవారిపేట నుంచి వచ్చే ఒక పిల్ల లేచి నిలబడింది.

"సార్, నేను పోయిన దుకాణంలో సరుకే లేదు సార్. ఒట్టి కొక్కేలు ఉండాయి. అయినా జనం వస్తా ఉండారు."

క్లాసంతా గొల్లుమంది. "సరుకు లేని దుకాణం ఏంది తల్లీ, గాలి అమ్ముతారా?" అన్నాను.

"కాదు సార్. బర్రెను కొనబోతా ఉండా, ఏ పలుపు తీసుకోవాల అని రైతులు వచ్చి అడుగుతారు. ఆ అవ్వ తెర దగ్గరికి పోయి లోపలుండే తాతను అడిగి వచ్చి చెప్తాది. అది ఏ కొట్లో దొరుకుతాదో గూడా చెప్తాది. నిర్ణయాలన్నీ ఆ తాతవే సార్. ఆయనకు బాగలేదంట, బయటికి రాడంట."

మార్కాపురం బజారులో తెర కట్టిన పలుపుల దుకాణమంటే ఒక్కటే. అది మా నాయనది. ఆయన పోయి ఏళ్లయింది.

"తాతను నువ్వు చూసినావా?" అని అడిగాను.

"చూళ్లేదు సార్. దగ్గినట్టు మాత్రం ఇనపడింది."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కసరలేదు. నేను కసరకపోయేసరికి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ దుకాణంలో మా నాయన గొడ్లను కట్టే పలుపులు, ముకుతాళ్లు, మోకులు, మెడ గంటలు అమ్మేవాడు. మా వైపు గొడ్డును అమ్మినవాడు దాని పలుపు ఇవ్వడు. ఇస్తే దాంతోపాటు కొట్టంలోని కళ కూడా పోతుందని నమ్మకం. అందుకని కొనేవాడు కొత్త పలుపు చేతబట్టుకునే పోవాలి. త్రిపురాంతకం నుంచి, రాచర్ల నుంచి కూడా మా దుకాణానికి వచ్చేవాళ్లు. నాయన ఊరికే ఇచ్చేవాడా? కోడెదా, పాలిచ్చేదా, బెదురు గొడ్డా, సవాలక్ష ప్రశ్నలు. "పలుపు కోసం వచ్చినానా, పోలీసు టేషనుకు వచ్చినానా?" అని గొణుక్కుంటూనే కొనేవాళ్లు.

చివర్లో ఆయాసంతో కూర్చోలేక వెనక గదిలో మంచం వేసుకున్నాడు. అమ్మ ముందు కూర్చునేది. ఆయన అవస్థ బయటివాళ్ల కంట పడకూడదని మధ్యలో తెర కట్టింది. ఎవరేం అడిగినా ఆ తెర దగ్గర నిలబడి ఆయన్ని అడిగి, ఆయన దగ్గి ఏం చెబితే అదే వచ్చి చెప్పేది.

ఆయన పోయాక సరుకంతా వేరే కొట్లకు ఇచ్చేశాం. అమ్మ మాత్రం రోజూ పోయి షట్టరెత్తి దీపం పెట్టేది. మూసిన దుకాణం పక్కవాళ్ల వ్యాపారానికి కూడా మంచిది కాదంటారు, అందుకు పోతోందిలే అనుకున్నాను. మొన్న వానలకు మెట్ల మీద జారి పడింది. మళ్లీ ఒకరోజు సగం లేచిన షట్టరు చేయి జారి ఆమె భుజం మీద పడింది. ఆ రోజు నా ప్రాణం పోయినంత పనైంది. ఇక లాభం లేదని సెల్‌ఫోన్లు అమ్మే అతనికి దుకాణం బాడుగకిస్తానని మాట ఇచ్చాను. శుక్రవారం తాళాలివ్వాలి. అమ్మది ఒకటే మాట: "మీ నాయన్ని అడగాల." ఫొటో ముందు దండం పెట్టుకుంటుందేమో అనుకున్నాను. బజారంతటికీ తెలిసిన సంగతి నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే పోయాను. షట్టరు తీసి ఉంది, అమ్మ లేదు. తెర తప్పించుకుని లోపలికి పోయాను. మంచం మీద దుప్పటి దులిపి పరిచి ఉంది. దిండు మధ్యలో గుంట. పక్కన చెంబు నిండా నీళ్లు. గదంతా నీలగిరి తైలం వాసన, నాయన ఛాతీకి రాసుకునే తైలం. పట్టపగలు, కన్నతండ్రి గదిలో నాకు భయమేసింది. మంచం మీద కూర్చోవడానికి ధైర్యం చాలక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఇంతలో అమ్మ వచ్చిన అలికిడైంది. తెర అవతల ఆగింది.

"ఏమయ్యా, పిల్లోడు దుకాణం బాడుగకిస్తాడంట. శుక్రవారమంట. ఏం చేద్దాం చెప్పు?"

నాతో మాట్లాడేటప్పటి కసురు ఆ గొంతులో లేదు. కొత్త పెళ్లికూతురు అడిగినట్టు అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

జవాబు నా నాలుక చివర ఉంది. ముందు ఒక దగ్గు, తర్వాత "ఇచ్చెయ్యి" అని ఒక్క మాట. నాయన గొంతు నాకు బాగా వచ్చు, చిన్నప్పుడు అనుకరించి వీపు విమానం మోత మోగించుకున్నవాణ్ణే. ఆ ఒక్క మాటంటే ఆమె కిక్కురుమనకుండా తాళాలిచ్చేస్తుంది, మళ్లీ ఆ షట్టరు జోలికి పోదు. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

అవతల అమ్మ వింటోంది.

"ఊఁ," అంది. కాసేపాగి, "సరే, నీ ఇష్టం. అట్లనే ఇచ్చేద్దాం," అంది. మళ్లీ ఆగింది. "ఎవరూ? ఆడనే ఉండాడా? ఎప్పుడొచ్చినాడు?"

గదిలో నేనూ, మంచమూ తప్ప ఎవరూ లేరు.

"ఒరే నాయనా," అని అమ్మ నన్ను పిలిచింది, తెర ఎత్తకుండానే. "బిగుసుకోని నిలబడినావంట, భయపడబాకు. పోయి ఆటో పిల్చకరా. మంచం ఎక్కియ్యాల. మీ నాయన మనింటికి వస్తానంటాండాడు."