మిల్లు వెనుక దిగిన మంద

మొన్న మార్చి నెలాఖరున ఏడాది లెక్కలు టీ వేళకే ముగిసిపోయాయి. మా ఆఫీసు కుర్రవాళ్లు సంచులు భుజాన వేసుకుని వెళ్లిపోతే, నేనొక్కదాన్నే కిటికీ దగ్గర కూర్చుని, హైవే హోరులో ఎక్కడైనా గొర్రెల మెడగంటలు వినిపిస్తాయేమోనని చెవి ఒగ్గాను. వినిపించలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మహబూబ్‌నగర్ వైపున్న మా ఊరు విడిచి, నల్లగొండ దగ్గరి చిట్యాలలో ఒక పత్తి మిల్లులో అకౌంటెంటుగా చేరాను. గొర్రెల కాపరుల ఇంట్లో బీకాం చదివిన మొదటి ఆడపిల్లనని మావాళ్లందరికీ గొప్పే గానీ, కిరాయి గదిలో ఒక్కదానికే అన్నం వండుకుని తినేటప్పుడు ఆ గొప్ప ఏ మూలకూ సరిపోయేది కాదు. మా నాయిన ఏటా ఎండలు ముదరగానే మందను తోలుకుని మేత కోసం నల్లగొండ వైపు వచ్చేవాడు. పత్తి ఏరడం అయిపోయిన చేలల్లో, ఎరువు కోసం రైతులు పిలిచిన చోటల్లా ఒకటి రెండు రోజులు మంద దిగేది. మా మిల్లు వెనుక చేనుకు చేరేది మాత్రం సరిగ్గా మార్చి ఆఖరున, మాకు తల ఎత్తే తీరిక లేని రోజుల్లోనే.

మొదటి ఏడు నాయిన గేటు దాకా వచ్చి వెళ్లిన సంగతి మర్నాడు వాచ్‌మన్ తాత చెబితే తెలిసింది. తాత పిలవబోతే నాయినే వద్దన్నాడట.

"లెక్కల కూసున్నదా? గట్లయితే పిలువకు. మందను లెక్కబెట్టేటప్పుడు నడిమిట్ల పిలిస్తే మల్ల మొదటికెంచి లెక్కబెట్టాలె. బిడ్డకు గా తిప్పలెందుకు?"

నేను చేనుకు పరుగెత్తేసరికి మంద కదిలిపోయింది. మూడు రాళ్ల పొయ్యి, చల్లారిన బూడిద, పెంటికలు మిగిలాయి. అక్కడే నిలబడి ఏడ్చాను.

తర్వాత ఫోనులో ఎన్ని విధాల చెప్పానో, నా లెక్క కంప్యూటర్లో ఉంటుందనీ, పిలిచినంత మాత్రాన చెదిరిపోదనీ, లోపలికి వచ్చి టీ తాగి పొమ్మనీ. నవ్వేవాడు గానీ నమ్మేవాడు కాదు. ప్రతి ఏడూ గేటు దాకా రావడం, పనిలో ఉన్నానా అని అడగడం, వెళ్లిపోవడం. ఒకసారి మాత్రం కిటికీలోంచి, భుజాన గొంగడితో రోడ్డు దాటుతున్న ఆ వీపు కనిపించింది. నాయినా అని కేకేశాను. లారీల మోతలో వినిపించలేదు.

ఆ పై ఏడు ఎండలు రాకముందే నాయిన కాలం చేశాడు. మందను అమ్మేశాం. మిల్లు వెనుక చేను ప్లాట్లయింది. కొత్త సాఫ్ట్‌వేరు పుణ్యమా అని ఇప్పుడు మార్చిలోనూ సాయంత్రాలు మిగులుతున్నాయి. పిలిస్తే లెక్క వదిలేసి లేచి వెళ్లగలను. గేటు దగ్గర ఎవరూ లేరు.